మొదటి పాఠకుడు లేని బొమ్మ

కథకు బొమ్మ ఎందుకు అన్న ప్రశ్న తెలుగులో ఎప్పుడూ పెద్ద చర్చ కాలేదు. కథ అచ్చుకు వెళ్లేది, దాని పక్కన బొమ్మ వచ్చేది, పాఠకుడు రెండింటినీ కలిపి చదువుకునేవాడు. మన కథా విమర్శ వస్తువు గురించి మాట్లాడింది, శిల్పం గురించి మాట్లాడింది, దృక్పథం గురించి ఏళ్ల తరబడి వాదులాడింది. పక్కనున్న బొమ్మను మాత్రం పత్రికవాళ్ల పనిగా వదిలేసింది. ఆ బొమ్మ వేసినవాడు కథను ఎలా చదివాడు, చదివి ఏం ఎంచుకున్నాడు, ఏం వదిలేశాడు అని అడిగిన విమర్శకులు తక్కువ. ఆ నిర్లక్ష్యం ఇప్పుడు మనకే అడ్డొస్తోంది. రచయితే తన కథకు బొమ్మ తయారు చేసుకునే రోజు వచ్చింది. దాన్ని బేరీజు వేయడానికి మన దగ్గర కొలమానాలు లేవు.

2022 ఏప్రిల్‌లో డాల్-ఈ 2ను ప్రకటించారు. జూలైలో మిడ్‌జర్నీ, ఆగస్టులో స్టేబుల్ డిఫ్యూజన్ జనం చేతికి వచ్చాయి. నాలుగు మాటలు రాసి ఇస్తే బొమ్మ గీసి ఇచ్చే యంత్రాలివి. ఆ రాసి ఇచ్చే మాటలనే ప్రాంప్ట్ అంటున్నారు. నాలుగేళ్లు తిరక్కుండానే ఈ బొమ్మలు మన కథా సంపుటాల అట్టల మీదికి, కవితల పక్కకి, సాహిత్య సభల కరపత్రాల మీదికి వచ్చి కూర్చున్నాయి. వీటి గురించి రచయితల్లో రెండు మాటలు వినిపిస్తున్నాయి. యంత్రం గీసింది కళ కాదు, దాన్ని ముట్టుకోవడమే తప్పు అన్నది ఒకటి. కలం లాగే ఇదీ ఒక పనిముట్టు, వాడేవాడి చేతిలో ఉంది అన్నది రెండవది. మొదటిది భావవాదం. కళను చేతి మహిమగా, మానవాతీతమైన ప్రతిభగా చూసే పాత నమ్మకమే అందులో ఉంది. రెండవది పైకి భౌతికవాదంలా కనిపిస్తుంది గాని, పనిముట్టు ఎవరిది, ఎవరి శ్రమతో తయారైంది అన్న ప్రశ్న వేయదు కనుక అదీ సగం మాటే.

ఈ రెండూ అడగని ప్రశ్న ఒకటుంది. బొమ్మ కోసం రచయిత యంత్రం దగ్గరికి వెళ్లినప్పుడు అతని కథకు ఏమవుతుంది? నా జవాబు ఇది: కథ తన మొదటి పాఠకుణ్ణి పోగొట్టుకుంటుంది. చిత్రకారుల జీవనోపాధి ప్రశ్న, హక్కుల ప్రశ్న, నిజానిజాల ప్రశ్న అన్నీ ముఖ్యమైనవే. కాని రచయితగా ముందు పట్టించుకోవలసింది ఈ నష్టాన్ని.

మాట చెప్పేవాడు ఒకడు, బొమ్మ వేసేవాడు మరొకడు కావడం మనకు కొత్త కాదు. తెలంగాణ పటం కథల సంప్రదాయం దాని మీదనే నిలబడింది. ఇప్పటి సిద్దిపేట జిల్లాలోని చేర్యాల నకాషీలు ఖాదీ గుడ్డకు సుద్ద, చింతగింజల అంబలి, జిగురు కలిపి పూత పూసి, ఆరబెట్టి, ఎర్రని నేపథ్యం మీద కథను వరసలు వరసలుగా గీసేవారు. ఆ పటాన్ని విప్పుకుంటూ కథ చెప్పేవాళ్లు వేరు. పద్మశాలీలకు మార్కండేయ పురాణం చెప్పే కూనపులివారు, ముదిరాజులకు కథ చెప్పే కాకిపడగలవారు, మాదిగలకు జాంబపురాణం చెప్పే డక్కలివారు – ఒక్కొక్క కులానికి ఒక్కొక్క కథక బృందం, ఒక్కొక్క కథకు దాని పటం. కథకుడు కథ చెప్పి పటం వేయించుకునేవాడు. పైపైన చూస్తే ఇది యంత్రానికి ప్రాంప్ట్ ఇవ్వడం లాంటిదే కదా అనిపిస్తుంది.

పోలిక అక్కడితో సరి. నకాషీకి ఆ కథ ముందే తెలుసు. వినబోయేవాళ్లూ తెలుసు. పద్మశాలీల వాడలో విప్పబోయే పటంలో మగ్గం తప్పుగా గీస్తే ఊరుకుంటారా? ఆసు ఎక్కడుంటుందో, పడుగు ఎటు సాగుతుందో తెలిసిన కళ్లు ఆ పటాన్ని చూస్తాయి. అంటే బొమ్మ గీసేవాడి చేతి వెనక ముగ్గురున్నారు: కథ చెప్పేవాడు, ఆ పని చేసేవాడు, తప్పు పట్టగలిగినవాడు. పటం ఆ ముగ్గురి మధ్య ఒప్పందం. ఆ ఒప్పందంలో కులవ్యవస్థ కట్టుబాట్లున్నాయి, దాన్ని మనం పొగడనక్కరలేదు. కాని బొమ్మకు జవాబుదారీ ఉండేదన్న సంగతి మరచిపోకూడదు.

అచ్చు పత్రికల కాలంలో ఈ సంబంధం రూపం మార్చుకుంది. రచయిత రాతప్రతి సంపాదకుడి చేతిలో పడ్డాక అచ్చుకన్నా ముందు దాన్ని చదివేది బొమ్మ వేసే మనిషి. వరంగల్ ప్రాంతం నుంచి వచ్చిన చంద్ర (1946–2021), ఉద్యమాల పోస్టర్లకూ పుస్తకాల అట్టలకూ ఒకే శ్రద్ధతో గీత గీసిన మోహన్ (మరణం 2017), వీళ్ల బొమ్మల్లో మనకు కనిపించేది గీత అందం ఒక్కటే కాదు. కథలో ఏది ప్రధానమో వాళ్లు తేల్చుకున్న తీర్పు కనిపిస్తుంది. కథలో పది సంఘటనలుంటే బొమ్మ ఒక్కదాన్నే ఎంచుకోవాలి. ఆ ఎంపికే విమర్శ. రచయిత కథానాయకుడి ఆవేశాన్ని ముఖ్యమనుకుంటే చిత్రకారుడు గుమ్మంలో నిలబడ్డ తల్లిని గీయవచ్చు. అచ్చయిన బొమ్మ చూసి "నా కథ ఇదా?" అని రచయిత ఉలిక్కిపడవచ్చు. ఆ ఉలికిపాటు విలువైనది. తన కథను మరో మనిషి చదివాడనడానికి అంతకన్నా రుజువు ఉండదు.

ఇక యంత్రం ఎలా గీస్తుందో చూద్దాం. కోట్ల బొమ్మలను, వాటి పక్కన ఉన్న మాటలను దానికి ఇస్తారు. బొమ్మను కొద్దికొద్దిగా చెరిపి చుక్కల గందరగోళంగా మారుస్తూ, ఆ గందరగోళంలో నుంచి తిరిగి బొమ్మను రాబట్టడం దానికి నేర్పుతారు. నేర్చాక వట్టి చుక్కలతో మొదలుపెట్టి, మనమిచ్చిన మాటలు చూపిన దిక్కుగా, అంచెలంచెలుగా శుభ్రం చేసుకుంటూ పోతుంది. చివరికి మిగిలేది ఆ మాటలతో పాటు ఎక్కువసార్లు కనిపించిన రూపాల కలబోత. దీనికి మేధ అని పేరు పెట్టారు. కథను చదవడం మాత్రం ఈ పనిలో ఎక్కడా లేదు.

ఆ కోట్ల బొమ్మలు ఎక్కడివి? 2022లో విడుదలైన లయాన్-5బి అనే సేకరణను తీసుకుందాం. అందులో 585 కోట్ల బొమ్మల చిరునామాలు, వాటి పక్కన మాటలు ఉన్నాయి. అన్నీ ఇంటర్నెట్ నుంచి ఏరినవే. వాటిలో 230 కోట్లకు పైగా ఇంగ్లీషు మాటలతో ఉన్నవి. ఇంచుమించు అన్నే, ప్రపంచంలోని నూటికి పైగా ఇతర భాషలన్నిటికీ కలిపి. మిగిలినవి ఏ భాషవో తేలనివి. స్టేబుల్ డిఫ్యూజన్ తొలి రూపాలకు ప్రధానంగా చదువు చెప్పింది ఆ ఇంగ్లీషు భాగంతో. ఇప్పుడొస్తున్న యంత్రాలకు తెలుగులో చెప్పినా అర్థమవుతున్న మాట నిజమే. కాని మాట అర్థం కావడం వేరు, ఆ మాట వెనక ఉన్న దృశ్యం నేర్చుకుని ఉండడం వేరు. మన ఊరి ఫోటో పక్కన ఇంగ్లీషులో నాలుగు మాటలు రాసిందెవరు? యాత్రికులు, ఫోటోలమ్ముకునే వ్యాపారులు, వార్తా సంస్థలు. కల్లు గీసే మనిషి తన మోకు ఫోటో తీసి దాని కింద మోకు అని రాసి పెట్టలేదు. అందుచేత యంత్రం దగ్గరున్న మన ఊరు, బయటివాడు చూసి పేరు పెట్టిన ఊరు.

దీని ఫలితం ఏమిటో ఒక ఉదాహరణతో చూద్దాం. రంగారెడ్డి జిల్లా శంకర్‌పల్లి మండలం కొండకల్ మీద ఒక రచయిత కథ రాశాడనుకుందాం. అక్కడ 2023 జూన్ 22న రైలు పెట్టెల కర్మాగారం ప్రారంభమైంది. చుట్టుపక్కల శంకర్‌పల్లి, మొయినాబాద్, చేవెళ్ల దారుల్లో పొలాలు వెంచర్లయ్యాయి. కథలో ఒక ముసలి రైతు భూమి అమ్ముకున్నాడు. ఆ డబ్బు పెళ్లిళ్లకూ, ఇంటికీ, అప్పులకూ పోయింది. తాను అమ్మిన భూమిలోనే వెంచర్ గేటు దగ్గర వాచ్‌మన్‌గా కూర్చున్నాడు. రచయిత యంత్రానికి "తెలంగాణ పల్లె, ముసలి రైతు, భూమి పోయిన దుఃఖం" అని చెబుతాడు. చాలావరకు ఏమొస్తుందో ఎవరైనా పరీక్షించి చూడవచ్చు: తలపాగా, ముడతల ముఖం, నెర్రెలు విచ్చిన నేల, వెనక అస్తమించే సూర్యుడు, వీలుంటే ఒక ఎడ్లబండి. ఎంతో నైపుణ్యంతో గీసిన బొమ్మ. అంతే నైపుణ్యంతో అబద్ధం చెప్పిన బొమ్మ.

ఎందుకు అబద్ధం? ఇక్కడి దుఃఖం నెర్రెలు విచ్చిన నేలది కాదు, ధర పలికిన నేలది. కరువు రైతు బొమ్మ లోకంలో లక్షలున్నాయి. భూమి విలువ పెరగడం వల్ల భూమి లేనివాడైన రైతు బొమ్మ లేదు. నిన్నటి దుఃఖం ఆకారమే యంత్రానికి తెలుసు. నేటి దుఃఖం ఇంకా బొమ్మగా మారలేదు, దాన్ని మార్చవలసినవాడు కళాకారుడు. వాస్తవికత అంటే ఇదివరకు చూసిన వాటిని మళ్లీ చూపించడం కాదనీ, కదులుతున్న సమాజంలో కొత్తగా పుడుతున్న సంబంధాన్ని పట్టుకోవడమనీ మన పత్రికల్లో ఎన్నో వ్యాసాలు చెప్పాయి. ఆ కొలమానంతో చూస్తే ఈ బొమ్మ వాస్తవికతకు సరిగ్గా వ్యతిరేకం.

అదే కథను చిత్రకారుడు చదివితే ఏమవుతుంది? అతడు రచయితను కొన్ని మామూలు ప్రశ్నలు అడుగుతాడు. "గేటు దగ్గర ముసలాయన ఎటువైపు ముఖం పెట్టి కూర్చున్నాడు? రోడ్డు వైపా, పొలం ఉన్న వైపా? కుర్చీ ఎవరిచ్చారు? హద్దురాళ్లకు ఏ రంగు వేశారు? బోరు ఉన్న చోట ఇప్పుడేముంది?" వీటికి రచయిత దగ్గర జవాబు లేకపోతే కథలో ఒక ఖాళీ ఉందని అర్థం. గేటు దగ్గర కూర్చోబెట్టాడు గాని, ఆ మనిషి రోజంతా దేన్ని చూస్తున్నాడో రచయిత చూడలేదు. అచ్చుకు ముందే ఈ సంగతి బయటపడితే రచయిత మళ్లీ కథ దగ్గరికి వెళతాడు. యంత్రం ఈ ప్రశ్నలు అడగదు. రచయిత చెప్పని ప్రతిదాన్నీ తనంత తానే నింపేస్తుంది. కథలోని ఖాళీని కప్పిపుచ్చే బొమ్మ రచయితకు నచ్చుతుంది, అదే ప్రమాదం.

దీనికి ఎదురు వాదనలున్నాయి, వాటిని తేలిగ్గా తీసివేయకూడదు. మొదటిది డబ్బు. మండల కేంద్రంలో ఉంటూ సొంత ఖర్చుతో మూడు వందల ప్రతులు వేసుకునే యువరచయిత చిత్రకారుడికి ఏమిస్తాడు? చందాల మీద నడిచే చిన్న పత్రిక ఏమిస్తుంది? అతనికి ఈ యంత్రం ఒక ఆసరా కాదా? నిజమే. ఆ యువకుణ్ణి నేరస్థుడిగా నిలబెట్టే హక్కు మనకు లేదు. కాని బొమ్మ లేకుండా పుస్తకం వేయడం తక్కువతనం అని అతనికి నేర్పిందెవరు? అక్షరాలు మాత్రమే ఉన్న అట్టతో ఎన్నో మంచి పుస్తకాలు మన చేతికొచ్చాయి. ఊళ్లో డ్రాయింగ్ మాస్టారున్నాడు, బోర్డులు రాసే మనిషి ఉన్నాడు, బొమ్మలేసే ఇంటర్ పిల్ల ఉంది. వాళ్ల చేత కథ చదివించాలన్న ఆలోచన రాకపోవడానికి డబ్బు లేకపోవడం ఒక్కటే కారణం కాదు.

రెండవ వాదన మన సంప్రదాయంలో నుంచే వస్తుంది. అభ్యుదయ కళాకారులు యంత్రానికి ఎప్పుడు భయపడ్డారు? కెమెరా వచ్చినప్పుడు చిత్రకళ చచ్చిపోతుందన్నారు, చావలేదు. యంత్రంతో ప్రతులు తీయడం కళను గుడిలో నుంచి వీధిలోకి తెస్తుందని 1930లలోనే వాల్టర్ బెంజమిన్ వాదించాడు. జర్మన్ కళాకారుడు జాన్ హార్ట్‌ఫీల్డ్ పత్రికల్లో వచ్చిన ఫోటోలను కత్తిరించి, అతికించి, హిట్లర్ మీద ఆయుధాలుగా మార్చాడు. 1933లో బెర్లిన్ నుంచి ప్రాగ్‌కు పారిపోయాక కూడా ఆ పని ఆపలేదు. ఇతరుల బొమ్మలతో బొమ్మ చేయడం అప్పుడు విప్లవమైతే ఇప్పుడు దోషమెలా అవుతుంది?

తేడా కత్తెరలో ఉంది. హార్ట్‌ఫీల్డ్‌కు తాను కోస్తున్న ఫోటో ఎవరిదో తెలుసు. చూసేవాడికీ తెలియాలనే అతని కోరిక. హిట్లర్ ముఖం హిట్లర్ ముఖంగా కనిపించినప్పుడే ఆ బొమ్మ పనిచేస్తుంది. అతుకు కనిపించడంలోనే దాని రాజకీయం ఉంది. ఈ యంత్రం చేసే పని అతుకు మాయం చేయడం. కోట్లమంది గీసిన గీతలు, తీసిన ఫోటోలు అందులో కలిసిపోయాయి, ఒక్కరి పేరూ మిగల్లేదు. మార్క్స్ మృతశ్రమ అన్నాడు – గతంలో ఖర్చయి, యంత్రంలో గడ్డకట్టి, బతికున్న శ్రామికుడి మీద పెత్తనం చేసే శ్రమ. బొమ్మల యంత్రం ఆ మాటకు తిరుగులేని ఉదాహరణ. పోలెండ్ చిత్రకారుడు గ్రెగ్ రుట్‌కోవ్‌స్కీ పేరును 2022లో వేలాదిమంది తమ ప్రాంప్టులలో రాశారు. అతని శైలిలో బొమ్మ కావాలంటే అతను అక్కరలేదు, పేరు చాలు. మనిషి పేరు విశేషణంగా మారింది. మన దగ్గర "బాపు బొమ్మ" అన్న మాట జనం ప్రేమతో పుట్టించుకున్నది. రేపు అదే మాట యంత్రానికి ఇచ్చే ఆజ్ఞ అయితే ఆ రెండింటినీ ఒకటనుకోలేం. ఇక ఈ యంత్రాలను శుద్ధిచేసే కూలీల సంగతి వేరే. డాల్-ఈ తయారుచేసిన సంస్థ కోసం కెన్యాలో కొందరు గంటకు రెండు డాలర్లకన్నా తక్కువకు హింసాత్మకమైన రాతలను చదివి వేరుచేసే పని చేశారని 2023 జనవరిలో టైమ్ పత్రిక బయటపెట్టింది. పనిముట్టు నా చేతిలో ఉంది అనేవాడు, దాని పిడి పట్టుకున్న మిగతా చేతులను కూడా చూడాలి.

రచయిత యంత్రంతో పని చేస్తే అందులో రచయితది ఎంత? దీన్ని న్యాయశాస్త్రం కూడా ఎదుర్కోవలసి వచ్చింది. అమెరికాలో క్రిస్ కష్టనోవా అనే రచయిత తాము రాసిన బొమ్మల కథకు మిడ్‌జర్నీతో బొమ్మలు చేయించి 2022లో కాపీరైట్ నమోదు చేయించారు. 2023 ఫిబ్రవరిలో అక్కడి కాపీరైట్ కార్యాలయం దాన్ని సవరించింది. రాసిన మాటలు రచయితవే, మాటలనూ బొమ్మలనూ ఎంచి అమర్చిన తీరు రచయితదే, ఒక్కొక్క బొమ్మ మాత్రం రచయితది కాదు అని తేల్చింది. ఒక పోటీలో బహుమతి పొందిన యంత్రచిత్రానికి 624 సార్లు ప్రాంప్టులు ఇచ్చానని జేసన్ అలెన్ వాదించినా అదే ఏడాది ఆయనకు నమోదు దొరకలేదు. మన 1957 చట్టానికి 1994లో చేసిన సవరణ కంప్యూటర్ సృష్టించిన రచనకు, దాన్ని సృష్టింపజేసిన వ్యక్తిని కర్తగా చెప్పింది. అయితే అది ఇలాంటి యంత్రాలు ఊహలోకి రాని రోజుల మాట.

చట్టాల సంగతి ఎలా తేలినా, విమర్శకుడికి ఆ అమెరికా తీర్పులో పనికొచ్చే గీత ఒకటుంది. ఎంచుకోవడం వేరు, చేయడం వేరు. బట్టల కొట్లో నూరు చీరలు విప్పించి ఒకటి ఎంచుకున్న మనిషికి మంచి కన్ను ఉండవచ్చు. అంతమాత్రాన నేతగాడు కాడు. ఎంపిక కూడా సృజనలో భాగమే, సంపాదకుడి పని అదే కదా. కాని 624 సార్లు "ఇది కాదు, ఇది కాదు" అన్నా, ఏది ఎందుకు కాదో యంత్రానికి అర్థం కాదు. అది ఇంకొకటి ఇస్తుంది, అంతే. చిత్రకారుడు రెండోసారి కాదంటే "ఎందుకు కాదు?" అని అడుగుతాడు. మూడోసారి కాదంటే పోట్లాడతాడు. ఆ పోట్లాటలో రచయితకు తన కథ తెలిసొస్తుంది.

అభ్యుదయ సాహిత్యానికి ఇందులో ఇంకా లోతైన ప్రశ్న ఉంది. 1943లో తెనాలిలో మన రచయితలు సంఘం పెట్టుకున్నారు. అదే ఏడాది చివర చిత్రప్రసాద్ అనే యువచిత్రకారుడు కరువుతో చచ్చిపోతున్న బెంగాల్‌లో, మిడ్నపూర్ జిల్లాలో కాలినడకన తిరిగాడు. ఎముకల గూళ్లయిన మనుషులను నల్లసిరాతో గీశాడు. ఆ బొమ్మల పక్కన ఆ మనుషుల పేర్లు, ఊళ్లు, వాళ్ల గతి రాసుకున్నాడు. ఆ ప్రయాణం 'హంగ్రీ బెంగాల్' అన్న చిన్న పుస్తకమైంది. బ్రిటిష్ ప్రభుత్వం ప్రతులను పట్టుకుని నాశనం చేసింది. ప్రభుత్వం భయపడింది నల్లగీతల అందానికి కాదు, ఆ గీతల కింద ఉన్న పేర్లకు. కరువు లేదని చెప్పే అధికారికి, ఫలానా ఊళ్లో ఫలానా మనిషి ఇలా ఉన్నాడని చెప్పే బొమ్మ అది. యంత్రం గీసిన ఆకలి ముఖం ఇంకా హృదయవిదారకంగా ఉండవచ్చు. కాని అది ఎవరి ముఖమూ కాదు. ఎవరూ కాని మనిషి ఆకలికి జవాబు చెప్పవలసిన ప్రభుత్వం లేదు.

ఇది ఊహ కాదు. కొండకల్‌కు ఎంతో దూరం లేని కంచ గచ్చిబౌలిలో 2025లో జరిగింది చూడండి. హైదరాబాద్ విశ్వవిద్యాలయం పక్కనున్న 400 ఎకరాల్లో మార్చి చివర బుల్డోజర్లు దిగాయి. విద్యార్థులు అడ్డుపడ్డారు, లాఠీలు తిన్నారు. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు చెట్ల నరికివేతను ఆపింది. చెట్లు కూల్చిన మాట, నేల చదును చేసిన మాట నిజం. సెలవురోజుల్లో హడావిడిగా ఆ పని చేశారని కోర్టే తప్పుపట్టింది. ఇంత నిజం చేతిలో ఉండగా, దాని మీద యంత్రం గీసిన జింకలు, నెమళ్లు, బుల్డోజర్ల బొమ్మలు సామాజిక మాధ్యమాల్లో వెల్లువెత్తాయి. పంచుకున్నవాళ్లలో చాలామంది మంచి మనసుతోనే పంచుకున్నారు. ఏమైంది? చర్చ చెట్ల మీద నుంచి బొమ్మల మీదికి మళ్లింది. ఇదంతా కృత్రిమ మేధ సృష్టించిన దుష్ప్రచారమని చెప్పే వీలు ప్రభుత్వానికి దొరికింది. కేసులు వచ్చాయి. అలాంటి ఒక బొమ్మను పంచుకున్నందుకు సీనియర్ ఐఏఎస్ అధికారికి సైతం పోలీసులు నోటీసు ఇచ్చారు. ఫోన్లలో తీసిన నిజమైన ఫోటోలు, వీడియోలు కూడా అనుమానం కింద పడ్డాయి. నిజం వైపు నిలబడి గీయించిన అబద్ధపు బొమ్మ ఎవరికి ఉపకరించిందో వేరే చెప్పాలా? అధికారం చేతిలో వేయి అబద్ధాలున్నా నిలదొక్కుకుంటుంది. ఉద్యమం ఒక్క అబద్ధం మోసినా దాని నిజమంతా చిల్లుపడుతుంది.

మరో ఉదాహరణ కూడా మా దగ్గరిదే. అప్పా జంక్షన్ నుంచి చేవెళ్ల మీదుగా మన్నెగూడ దాకా పోయే 46 కిలోమీటర్ల దారికి ఇరువైపులా తొమ్మిది వందలకు పైగా మర్రిచెట్లుండేవి. రోడ్డు వెడల్పు కోసం వాటిని తీయాలన్నారు, కాపాడాలన్నవాళ్లు హరిత ట్రిబ్యునల్‌కు వెళ్లారు. ఏళ్లు గడిచాయి. 2025 నవంబర్ 3న అదే దారిలో మీర్జాగూడ దగ్గర కంకర టిప్పర్ ఆర్టీసీ బస్సును ఢీకొని 19 మంది చనిపోయారు. ఈ దారి మీద కవిత రాసే కవికి ఒక బొమ్మ కావాలి. "ఊడలమర్రి, సూర్యకాంతి, ఖాళీ రోడ్డు" అంటే యంత్రం కళ్లు చెదిరే బొమ్మ ఇస్తుంది. ఆ బొమ్మలో చెట్టు ఉంది, చనిపోయినవాళ్లు లేరు. ఇంకో మాట చెబితే ప్రమాదం వస్తుంది, చెట్టు నేరస్థురాలవుతుంది. చెట్టూ మనిషీ ఇద్దరూ బతకవలసిన రోడ్డు ఎందుకు కట్టలేకపోయాం అన్న ప్రశ్న ఎలా గీయాలి? ఆ దారిన రోజూ బస్సెక్కే మనిషికి, ఆ నీడలో జామకాయలు అమ్ముకున్న మనిషికి తెలిసిన వైరుధ్యం అది. మంచి చిత్రకారుడైనా వారం రోజులు తంటాలు పడతాడు. పడి ఓడిపోవచ్చు కూడా. ఆ తంటా లేకుండా వచ్చిన బొమ్మ కవితను ఆ తంటా లేనిదిగా మార్చేస్తుంది. అసలు నష్టం అక్కడ.

అయితే రచయిత ఈ యంత్రాన్ని ముట్టుకోకూడదా? అలా శాసించడం నా ఉద్దేశం కాదు. రాసుకునేటప్పుడు ఒక పాత ఇంటి వసారానో, ఒక వెలుతురునో ఊహించుకోవడానికి వాడుకునేవాళ్లున్నారు. అది వాళ్ల రాతబల్ల మీది సంగతి. ఇంకా మంచి ఉపయోగమూ ఒకటుంది. తన కథను నాలుగు మాటల్లో యంత్రానికి చెప్పి, వచ్చిన బొమ్మ చూసి, "నా కథ ఇంత అరిగిపోయిన మాటల్లోకి ఇమిడిపోతోందా?" అని రచయిత తనను తాను అడగవచ్చు. ఇమిడిపోతే కథ తిరగరాయాలి. ఇమడకపోతే, యంత్రానికి దొరకని ఆ మిగిలిన భాగమే తన కథ. అట్టల మీదికీ, పత్రికల్లోకీ, ఉద్యమ కరపత్రాల్లోకీ వచ్చేటప్పటికి మాత్రం లెక్క మారుతుంది. అక్కడ ఆ బొమ్మ పాఠకుడితో మాట్లాడుతోంది, మన పేరు మీద మాట్లాడుతోంది.

అందుచేత మన సంఘాల పత్రికలు కొన్ని మామూలు నియమాలు పెట్టుకోవడం మంచిది. జరిగిన సంఘటనకు – నిర్బంధానికి, ప్రమాదానికి, భూసేకరణకు, చావుకు – యంత్రచిత్రం వేయకూడదు. అక్కడ ఫోటో ఉండాలి, లేదా చూసివచ్చిన మనిషి గీసిన బొమ్మ ఉండాలి, లేదా ఏదీ ఉండకూడదు. బతికున్న గాని, గతించిన గాని చిత్రకారుడి పేరు చెప్పి అతని శైలిని అడగకూడదు. ప్రత్యేక సంచికకు కాగితం ఖర్చు లెక్కవేసే మనం బొమ్మల ఖర్చు కూడా లెక్కలో రాయాలి. అది వంద రూపాయలైనా సరే, శ్రమకు గుర్తింపుగా రాయాలి. చిత్రకారుడికి కథ ఒక్క పేరాలో చెప్పి పంపకుండా మొత్తం ఇవ్వాలి, చదవడానికి గడువు ఇవ్వాలి. ఈ చివరి విషయంలో దోషం యంత్రానిది కాదు. కథ చదివే తీరిక ఇవ్వకుండా రేపటికి బొమ్మ కావాలని అడిగిన రోజే చిత్రకారుణ్ణి మనం యంత్రంలా చూడడం మొదలైంది. తర్వాత అసలు యంత్రం వచ్చి ఆ చోట కూర్చుంది.

కథ పేరు కింద రచయిత పేరు, బొమ్మ మూలన చిత్రకారుడి సంతకం – మన పత్రికల్లో ఇది అలవాటుగా వచ్చిన మర్యాద. యంత్రం బొమ్మ వేసుకున్నవాళ్లు ఆ మూలన "యంత్రచిత్రం" అని పాఠకుడికి కనిపించేంత అక్షరాల్లో రాయాలి. అలా రాయడానికి మొహమాటపడే బొమ్మ అయితే ఆ జాగా ఖాళీగా వదిలి కథను మాత్రమే అచ్చు వేయవచ్చు.